చిన్న ఫంక్షన్లను ‘కాస్మెటిక్’ అని తిప్పి పంపకండి: కంపైలర్ కోడ్ రివ్యూ చేసే సీనియర్లకు బహిరంగ లేఖ

కంపైలర్ టీముల్లో కోడ్ రివ్యూ చేసే సీనియర్లందరికీ నమస్కారం.

హైదరాబాద్, బెంగళూరు మొదలుకొని అమెరికా దాకా, కంపైలర్లు (ప్రోగ్రామ్‌ను మెషీన్ కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) కట్టడానికి వాడే ఎల్‌ఎల్‌వీఎం అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మీద పనిచేసే టీముల్లో తెలుగువాళ్ళు ఉన్నారు. మీలో కొందరు అప్‌స్ట్రీమ్‌లో, అంటే అసలు ప్రాజెక్టులో, రివ్యూలు చేస్తారు, ఇంకొందరు కంపెనీ సొంత ఫోర్క్‌లో, అంటే దాని విడి కాపీలో, చేస్తారు. ఈ లేఖ ఇద్దరికీ.

విషయం చిన్నదే. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళెవరో నాలుగైదు లైన్ల షరతు ఒకటి చదవలేక తంటాలు పడతారు. అర్థమయ్యాక ఆ షరతును బయటికి తీసి, దానికో పేరు పెట్టి, చిన్న ఫంక్షన్‌గా (హెల్పర్‌గా) చేసి ప్యాచ్, అంటే కోడ్ మార్పు, పంపుతారు. కంపైలర్ ప్రవర్తనలో ఏ మార్పూ లేదని చెప్పడానికి టైటిల్‌లో ‘ఎన్‌ఎఫ్‌సీ’ (నో ఫంక్షనల్ చేంజ్) అని రాస్తారు. దానికి వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే: “కాస్మెటిక్ చేంజ్. అవసరమా?” ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు. కొన్నాళ్ళు చూసి పంపినవాళ్ళే దాన్ని మూసేస్తారు.

మీ జవాబు వెనక ఉన్న అలసట నాకు తెలుసు. రివ్యూ చేయాల్సిన ప్యాచ్‌లు కుప్పగా పడి ఉంటాయి, తప్పుడు కోడ్ పుట్టిస్తున్న బగ్ ఒకటి నెత్తి మీద ఉంటుంది, మధ్యలో ఎవరో వచ్చి పేర్లు బాగా లేవంటారు. మిగతా సాఫ్ట్‌వేర్‌లో అయితే మీ విసుగుతో నేనూ సగం ఏకీభవించేవాణ్ణి. కంపైలర్‌లో మాత్రం ఏకీభవించలేను. కంపైలర్ తన డేటాను దాచుకునే తీరే అందుకు కారణం.

ఎల్‌ఎల్‌వీఎంలో ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ ఆపరాండ్ల (అది పనిచేసే విలువల) వరస ఉంటుంది, లెక్క 0 నుంచి మొదలవుతుంది. ‘గెట్‌ఆపరాండ్(1)’ అని అడిగితే ఆ వరసలో రెండోది ఇస్తుంది. ఆ రెండోది ఏమిటన్నది ఇన్‌స్ట్రక్షన్‌ను బట్టి మారిపోతుంది. మెమొరీలోకి రాసే స్టోర్‌లో 0 దగ్గర రాయాల్సిన విలువ, 1 దగ్గర అడ్రస్ ఉంటాయి. మెమొరీ నుంచి చదివే లోడ్‌లో 0 దగ్గరే అడ్రస్. సెలెక్ట్‌లో 0 షరతు, 1 అది నిజమైతే వచ్చే విలువ, 2 కాకపోతే వచ్చేది. ఇంతవరకు గుర్తుపెట్టుకోవచ్చు. అసలు తమాషా షరతున్న బ్రాంచ్ (షరతును బట్టి కోడ్‌లోని ఏదో ఒక బ్లాక్‌కు మళ్ళించే ఇన్‌స్ట్రక్షన్) దగ్గర మొదలవుతుంది. ఏళ్ళ తరబడి దాని వరస ఇలా ఉంటూ వచ్చింది: 0 షరతు, 1 షరతు తప్పితే వెళ్ళే బ్లాక్, 2 షరతు నిజమైతే వెళ్ళే బ్లాక్. అదే, తర్వాత వెళ్ళే బ్లాక్‌లను (సక్సెసర్లను) ఇచ్చే ఫంక్షన్‌తో ‘గెట్‌సక్సెసర్(0)’ అని అడిగితే నిజమైతే వెళ్ళే బ్లాక్ వస్తుంది. అంటే ఒకే ఇన్‌స్ట్రక్షన్‌ను రెండు దారుల్లో అడిగితే రెండు ఎదురుబొదురు వరసలు.

ఇది అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. షరతు లేని బ్రాంచ్‌కి గమ్యం ఒక్కటే. దాన్ని వరస చివర ఉంచితే, రెండు రకాల బ్రాంచ్‌లకూ చివరి నుంచి లెక్కపెట్టి ఒకేలా తీయొచ్చు, ఇది ఏ రకం బ్రాంచ్ అని ముందు పరీక్షించే పని తప్పుతుంది. బ్రాంచ్‌లు కాస్త వింతవని హెడర్ ఫైల్‌లోనే కామెంట్ రాసి పెట్టారు. రాసినవాళ్ళకే వింతగా అనిపించినప్పుడు కొత్తగా చదివేవాళ్ళ సంగతి చెప్పాలా? ఇలాంటి చోట ‘గెట్‌ఆపరాండ్(2)’ అని నేరుగా రాసి ఉన్న లైన్‌ను చూసి, అది సరైనదో కాదో ఎవరైనా అక్కడికక్కడే చెప్పగలరా? సక్సెసర్ పేరుతో అడిగే చిన్న ఫంక్షన్ వాడితే చెప్పగలరు.

అంకెలు మారవు కదా, ఒకసారి నేర్చుకుంటే సరిపోతుంది అని ఒక సీనియర్ నాతో వాదించారు. అవి మారాయి. 2010 అక్టోబర్‌లో వచ్చిన ఎల్‌ఎల్‌వీఎం 2.8 సంగతి పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు కాల్ ఇన్‌స్ట్రక్షన్‌లో పిలవబోయే ఫంక్షన్ 0 దగ్గర ఉండేది, దానికి అందించే విలువలు, అంటే ఆర్గ్యుమెంట్లు, 1 నుంచి మొదలయ్యేవి. 2.8లో పిలవబోయే ఫంక్షన్‌ను వరస చివరికి జరిపారు. ఆపరాండ్లు మెమొరీలో ఇన్‌స్ట్రక్షన్ ఆబ్జెక్ట్‌కు ముందు వరసగా ఉంటాయి కాబట్టి, చివరిది ఆబ్జెక్ట్‌కు ఆనుకునే ఉంటుంది. ఆర్గ్యుమెంట్లు ఎన్ని ఉన్నా దాని దూరం మారదు. ఆలోచన మంచిదే. కానీ దాంతో మొదటి ఆర్గ్యుమెంట్ 1 నుంచి 0కి వచ్చింది, రెండోది 2 నుంచి 1కి వచ్చింది. పాత అంకెతో రాసిన లైన్ మార్పు తర్వాత కూడా ఏ ఫిర్యాదూ లేకుండా కంపైల్ అవుతుంది. టైప్ అదే, సింటాక్స్ అదే. చేతికి వచ్చే విలువ మాత్రం వేరే ఆర్గ్యుమెంట్.

ఆ విడుదల నోట్స్‌లోనే ఒక సలహా ఇచ్చారు: అంకెలు పట్టుకోకండి, పేరున్న యాక్సెసర్ ఫంక్షన్లు వాడండి అని. ‘గెట్‌ఆర్గ్‌ఆపరాండ్(0)’ అని రాసినవాళ్ళ కోడ్‌కు ఏమీ కాలేదు, ఎందుకంటే మొదటి ఆర్గ్యుమెంట్ ఎక్కడుందో తెలిసిన చోటు ఆ ఫంక్షన్ ఒక్కటే. దాని లోపల ఒక లైన్ మారింది, పిలిచినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. మునిసిపాలిటీ ఇళ్ళ నంబర్లు మార్చినా “మేడ కింద టైలర్ షాపున్న ఇల్లు” అని అడిగినవాళ్ళు దారి తప్పరు, అలాగన్నమాట. ఒక్క లైన్ ఉండే ఫంక్షన్ ఎందుకని అడిగేవాళ్ళకు నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఈ రోగం ఎల్‌ఎల్‌వీఎంకే పరిమితం కాదు. 2015లో గో 1.5 వచ్చినప్పుడు ఆ కంపైలర్‌ను సీ నుంచి గో భాషలోకి ఒక ప్రోగ్రామ్‌తో మార్చారు. దాని వెంట పాత డేటా నిర్మాణం కూడా వచ్చేసింది. ప్రతి నోడ్‌కూ (ప్రోగ్రామ్‌లోని ఒక్కో ముక్కను సూచించే ఆబ్జెక్ట్‌కూ) లెఫ్ట్, రైట్, లిస్ట్, ఆర్‌లిస్ట్ అనే ఒకే రకం ఫీల్డులు. ఇఫ్ స్టేట్‌మెంట్‌లో షరతు లెఫ్ట్‌లో ఉండేది, ఎల్స్ భాగం ఆర్‌లిస్ట్‌లో ఉండేది. ఆర్‌లిస్ట్ చూసి ఎల్స్ అని ఎవరు ఊహిస్తారు? గో 1.17 నాటికి ఒక్కో రకం నోడ్‌కు సొంత టైప్ ఇచ్చారు, ఇఫ్‌కు కండ్, బాడీ, ఎల్స్ అనే పేర్లే వచ్చాయి. అది చిన్న హెల్పర్ల స్థాయి దాటిన పెద్ద పని, కానీ తీర్చింది ఇదే బాధ. జీసీసీ అనే మరో కంపైలర్‌లో కూడా షరతు ఎక్స్‌ప్రెషన్‌కు ‘ట్రీ_ఆపరాండ్’ పక్కన అంకె రాయకుండా కండ్, దెన్, ఎల్స్ అనే మాక్రోలు విడిగా ఉన్నాయి. పాతవాళ్ళు కూడా అవసరాన్ని గుర్తించారు.

ఇక అంకెల సంగతి వదిలి నమూనాల దగ్గరికి, అంటే కోడ్‌లో ఒక ప్రత్యేక రూపాన్ని గుర్తుపట్టే షరతుల దగ్గరికి, వస్తాను. నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది ఇక్కడే.

ఒక విలువ బిట్‌వైజ్ నాట్ (ప్రతి బిట్‌నూ తిరగేయడం) అవునా కాదా అని తెలుసుకోవాలి. ఎల్‌ఎల్‌వీఎం ఐఆర్‌లో (కంపైలర్ లోపల వాడుకునే మధ్యంతర భాషలో) నాట్‌కు ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్ లేదు, మైనస్ ఒకటితో (అన్ని బిట్లూ 1 ఉన్న సంఖ్యతో) ఎక్సార్ చేయడమే నాట్. చేత్తో రాసేవాళ్ళు ఏం చేస్తారు? బైనరీ ఆపరేటరా అని చూస్తారు, ఆప్‌కోడ్ ఎక్సారా అని చూస్తారు, రెండో ఆపరాండ్ పూర్ణాంక స్థిరాంకమా అని చూస్తారు, అది మైనస్ ఒకటా అని చూస్తారు. ఒకదాని లోపల ఒకటిగా నాలుగు ఇఫ్‌లు. చూడటానికి అంతా సరిగ్గా ఉంటుంది. వెక్టర్ (లేన్లు అనే గళ్ళలో చాలా విలువలను కలిపి పెట్టుకునేది) వస్తే మాత్రం మూడో ఇఫ్ దగ్గరే ఆగిపోతుంది. అన్ని లేన్లలో మైనస్ ఒకటి ఉన్న వెక్టర్ స్థిరాంకం మామూలు పూర్ణాంక స్థిరాంకం కాదు కాబట్టి ఆప్టిమైజేషన్ నోరు మెదపకుండా జరగకుండా పోతుంది. తప్పుడు ఫలితం రాదు, అందుకే ఏ టెస్టూ ఫెయిల్ కాదు, ఎవరికీ తెలియదు.

ప్యాటర్న్‌మ్యాచ్ హెడర్‌లో ఉన్న ‘ఎం_నాట్’ ఇదే పనిని ఒక్క లైన్‌లో చేస్తుంది. లోపల అది ‘ఎం_ఆల్‌వన్స్’ అనే ఇంకో చిన్న ముక్కను వాడుకుంటుంది. ఆ ముక్కకు వెక్టర్ల సంగతి తెలుసు. మైనస్ ఒకటి ఎడమ వైపున్నా పట్టుకుంటుంది. వెక్టర్ల గురించి ఒకరు ఒకసారి ఆలోచించి అక్కడ రాస్తే, ‘ఎం_నాట్’ వాడిన ప్రతి చోటుకూ ఆ జ్ఞానం అందింది. మీ ఫోర్క్‌లో ఎవరైనా నాలుగు ఇఫ్‌లను తీసేసి ‘ఎం_నాట్’ పెడుతూ ప్యాచ్ పంపితే దాన్ని కాస్మెటిక్ అని ఎలా అంటాం? నిజానికి అది ఎన్‌ఎఫ్‌సీ కూడా కాదు, వెక్టర్లకు కొత్తగా పని మొదలవుతుంది. టైటిల్‌లోంచి ఎన్‌ఎఫ్‌సీ తీసేసి వెక్టర్ టెస్టు ఒకటి చేర్చమని అడగండి, అది న్యాయమైన రివ్యూ.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని దాచి వాదించడం నాకిష్టం లేదు. వెక్టర్‌లో కొన్ని లేన్లు పాయిజన్ (నమ్మి వాడకూడని చెడ్డ విలువ) అయి, మిగతావన్నీ మైనస్ ఒకటి అయినా ‘ఎం_నాట్’ ఒప్పుకుంటుంది. చాలా చోట్ల అది ఫర్వాలేదు. కానీ మ్యాచ్ అయిన ఆ స్థిరాంకాన్నే తీసుకెళ్ళి కొత్త చోట వాడబోతే పాయిజన్ కూడా వెంట వెళ్తుంది. అంటే హెల్పర్ వెనక ఒక నిర్ణయం దాక్కుంది. అందుకే దాని పక్కన ‘ఎం_నాట్‌ఫర్బిడ్‌పాయిజన్’ అని ఇంకొకటి పెట్టారు. పేరు పొడవే, నోరు తిరగదు కూడా. అయినా చదివిన వెంటనే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. అలాంటి పొడవాటి పేర్లను చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు. నాకు అవే ముద్దు.

పేరు సగమే చెప్పిన హెల్పర్లు కూడా మన మధ్య ఉన్నాయి. ‘గెట్‌కాల్డ్‌ఫంక్షన్’ తీసుకోండి. ఫంక్షన్ పాయింటర్ ద్వారా జరిగే కాల్ అయితే అది నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తుంది. ఆ సంగతి పేరులో లేదు. ఎల్‌ఎల్‌వీఎంలో మొదటి పాస్ (కోడ్‌ను పరిశీలించే లేదా మార్చే కంపైలర్ దశ) రాసేవాళ్ళు దాని ఫలితాన్ని నేరుగా వాడేసి క్రాష్ చూస్తారు, అదొక ఆనవాయితీ. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీలో ఇలాంటి వాటి చివర ‘_మేబీ’ అని చేరుస్తారు, ‘స్ప్లిట్‌టైకాన్‌యాప్_మేబీ’ లాగా. ఫలితం దొరక్కపోవచ్చని పిలిచే చోటే కనిపిస్తుంది. హాస్కెల్‌లో టైప్ చూసినా అది తెలుస్తుంది, అయినా పేరులో కూడా పెట్టారు. అది వాళ్ళ చాదస్తం అనుకుంటే, అలాంటి చాదస్తం మనకు ఇంకొంచెం ఉండాల్సింది.

మీ అభ్యంతరాల సంగతికి వస్తాను.

ఫంక్షన్ కాల్ ఖర్చు అనేవాళ్ళతో ఎక్కువ మాట్లాడను. ఇన్‌లైనర్ (కాల్ తీసేసి ఫంక్షన్ కోడ్‌నే అక్కడ పెట్టే భాగం) రాసేది మనమే, అదే ఫైల్‌లో ఉన్న నాలుగు లైన్ల స్టాటిక్ ఫంక్షన్‌ను అది ఏం చేస్తుందో మనకే తెలియాలి. చేత్తో రాసిన షరతే ఖరీదైనదిగా తేలే సందర్భాలూ ఉన్నాయి. ఒక విలువకు ఒక్క వాడుకే ఉందా అని చూడటానికి ‘గెట్‌నమ్‌యూజెస్’ ఒకటికి సమానమా అని రాస్తే, అది వాడుకల జాబితా మొత్తం నడుస్తుంది. ‘హ్యాజ్‌వన్‌యూజ్’ జాబితా మొదట్లోనే చూసి జవాబు చెప్పేస్తుంది. అలాగే ఒక సంఖ్య రెండు ఘాతమా (1, 2, 4, 8 లాంటిదా) అని చూడటానికి దాన్నీ, దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్యనూ యాండ్ చేసి సున్నా వస్తుందా అని రాసేవాళ్ళు సున్నాను మర్చిపోతారు, ఆ లెక్కన సున్నా కూడా రెండు ఘాతమైపోతుంది. ‘ఈజ్‌పవర్ఆఫ్2_32’ మర్చిపోదు.

గిట్ బ్లేమ్ (ఏ లైన్‌ను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపేది) పాడవుతుందన్న అభ్యంతరం నిజమైనదే, కాకపోతే దాని బరువు తగ్గింది. పెద్ద యాంత్రిక మార్పులను బ్లేమ్ పట్టించుకోకుండా ఉండటానికి ఎల్‌ఎల్‌వీఎం రిపాజిటరీలో ప్రత్యేకంగా ఒక ఫైలే ఉంది.

నాకు బరువుగా అనిపించేది డౌన్‌స్ట్రీమ్, అంటే ఫోర్క్‌ల, గొడవ. సొంత ఫోర్క్ నడిపే టీమ్‌కు అప్‌స్ట్రీమ్‌లో జరిగే ప్రతి ‘శుభ్రత’ ఒక మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (రెండు వైపుల మార్పులు వాటంతటవే కలవకపోవడం). శుక్రవారం సాయంత్రం మెర్జ్ తెగక కూర్చున్నవాళ్ళకు చక్కటి పేర్ల గురించి ఉపన్యాసం ఇస్తే కోపం రాకుండా ఎలా ఉంటుంది? అయితే కొత్త హెల్పర్‌ను చేర్చడం వల్ల కాన్‌ఫ్లిక్ట్ దాదాపు రాదు, పాత చోట్లన్నింటినీ ఒకేసారి మార్చడం వల్ల వస్తుంది. కాబట్టి హెల్పర్ ఒక ప్యాచ్‌లో రావాలి, రెండు మూడు చోట్ల వాడి చూపించాలి, మిగతావి ఎవరు ఆ ఫైల్‌ను ఏ పనికోసం ముట్టుకుంటే అప్పుడు మారాలి. ఫోర్క్‌లో మాత్రమే ఉండే కోడ్‌కైతే ఈ అభ్యంతరమే వర్తించదు. అక్కడ కూడా ఇదే కారణం చెప్పి ప్యాచ్‌లు వెనక్కి పంపడం మాత్రం అన్యాయం.

ప్రతి హెల్పర్‌నూ ఒప్పుకోమని నేను అనడం లేదు. యాడ్ ఇన్‌స్ట్రక్షన్ ఆపరాండ్లు 0, 1 అంటే ఎవరికీ సందేహం రాదు, వాటికి ‘ఎడమ’, ‘కుడి’ అని తొడుగులు వేస్తే చదివేవాళ్ళకు ఒక గెంతు ఎక్కువ అంతే. ‘ప్రాసెస్‌ఇన్‌స్ట్’, ‘హ్యాండిల్‌కేస్’ లాంటి పేర్లతో వచ్చేవాటిని మొహమాటం లేకుండా తిప్పి పంపండి, లోపలికి వెళ్ళకుండా అవి ఏం చేస్తాయో తెలియదు. మూడు బూలియన్లు తీసుకుని ఆరు రకాలుగా ప్రవర్తించే ఫంక్షన్‌ను హెల్పర్ అని ఎలా అంటాం? కంట్రోల్ ఫ్లోను దాచేవి ఇంకా ప్రమాదం. పైథాన్ భాషకు చెందిన సీపైథాన్ కంపైలర్‌లో బైట్‌కోడ్ చేర్చే ‘యాడ్‌ఆప్’ మాక్రో లోపల, తప్పు జరిగితే బయటి ఫంక్షన్ నుంచే వెళ్ళిపోయే రిటర్న్ దాక్కుని ఉంటుంది. సీ భాషలో ఎక్సెప్షన్లు లేవు కాబట్టి వాళ్ళ ఇబ్బంది అర్థం చేసుకోగలం. మనం సీ ప్లస్ ప్లస్‌లో కూర్చుని కొత్తగా అలాంటివి రాయనక్కర్లేదు.

ఇంతా చేసి నేను కొత్త నియమమేదీ అడగడం లేదు. ఎల్‌ఎల్‌వీఎం కోడింగ్ ప్రమాణాల్లోనే ఇది ఉంది. ఏదో ఒకటి ఉందా లేదా అని తేల్చడానికి మధ్యలో చిన్న లూప్ రాసే బదులు, అవునో కాదో చెప్పే ఫంక్షన్‌గా దాన్ని విడదీయమంటుంది. అక్కడ చెప్పిన కారణాల్లో నాకు నచ్చింది ఒకటి: విడదీస్తే దానికి పేరు పెట్టక తప్పదు, కామెంట్ రాయక తప్పదు. ఇన్‌స్ట్రక్షన్లను సరళం చేసే ఇన్‌స్ట్‌కంబైన్ పాస్‌ను తెరిచి చూడండి. ‘విజిట్‌యాండ్’ లోపల వరసగా ‘ఫోల్డ్’తో మొదలయ్యే చిన్న ఫంక్షన్లు ఎదురవుతాయి, చాలా వాటి పైన ఏ రూపం ఏ రూపంగా మారుతుందో కామెంట్‌లో రాసి ఉంటుంది. ఎల్‌ఎల్‌వీఎంలో అతి సంక్లిష్టమైన పాసుల్లో అదొకటి. అయినా కొత్తవాళ్ళు అందులోకే ముందు దిగి ఏదో ఒకటి చేర్చగలుగుతున్నారంటే ఆ అమరిక వల్లే అని నా నమ్మకం.

కొత్తవాళ్ళ గురించి ఇంకొక్క మాట. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కంపైలర్ డిజైన్ పేపర్ అంటే ఎక్కువగా లెక్సర్లు, ఎల్ఆర్ టేబుళ్ళు, లెక్స్, యాక్, అంటే సోర్స్ కోడ్‌ను చదివి విడగొట్టే మొదటి దశ. ఉద్యోగంలో మాత్రం పిల్లలు నేరుగా మిడిల్ ఎండ్‌లో (ఆప్టిమైజేషన్లు జరిగే మధ్య దశలో) వచ్చి పడతారు. ఎస్‌ఎస్‌ఏ, పాయిజన్, అలియాస్ అనాలిసిస్ అన్నీ కోడ్ చదివే నేర్చుకోవాలి. వాళ్ళ పాఠ్యపుస్తకం మీరు మెర్జ్ చేసే ఫైలే. అందులో ఒక షరతు అర్థం కాక, అర్థం చేసుకుని, దానికి పేరు పెట్టి పంపిన ప్యాచ్ ఉందే, అది ఆ అబ్బాయో అమ్మాయో ఆ కోడ్‌ను నిజంగా చదివారనడానికి మీకు దొరికే మొదటి రుజువు. పేరు తప్పు పెట్టి ఉండొచ్చు. అప్పుడు పేరు మీద వాదించండి. “ఇది వెక్టర్‌కి కూడా నిజమేనా?”, “నల్ వస్తే?”, “ఇలాంటిది వాల్యూట్రాకింగ్‌లో ఇప్పటికే ఉందేమో చూశావా?” అని అడగండి. ‘అవసరమా?’ అన్న ప్రశ్నకు జూనియర్ల దగ్గర జవాబు ఉండదు, ఈ ప్రశ్నలకు ఉంటుంది, లేదా వెతికి తెస్తారు.

నా అభ్యర్థన ఇంతే. మీ ఫోర్క్‌లో, మీ టార్గెట్ డైరెక్టరీలో ‘గెట్‌ఆపరాండ్’ పక్కన నేరుగా అంకె రాసి ఉన్న చోట్లను ఒకసారి గ్రెప్ చేయించండి (వెతికించండి). యాడ్, మల్ లాంటివి పక్కన పెట్టి కాల్, స్టోర్, బ్రాంచ్, ఇంట్రిన్సిక్‌ల (కంపైలర్‌కు ముందే తెలిసిన ప్రత్యేక ఫంక్షన్ల) దగ్గర ఉన్నవి చూడండి. ఇంట్రిన్సిక్‌లలో అయితే మూడో ఆర్గ్యుమెంట్ అలైన్‌మెంటో మాస్కో రాసినవాళ్ళు కూడా డాక్యుమెంట్ తెరవకుండా చెప్పలేని చోట్లు కనిపిస్తాయి. ఆ జాబితాను వచ్చే బ్యాచ్ జూనియర్లకు మొదటి పనిగా ఇవ్వండి. ఒక్కో ప్యాచ్‌లో ఒక్క హెల్పర్, రెండు మూడు వాడుకలు. రివ్యూయర్ల జాబితాలో మీ పేరు మీరే వేసుకోండి, వారం లోపు జవాబిస్తానని ముందే చెప్పండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక కంపైలర్ ఇంజినీర్